అత్తాకోడళ్ళ కుడిచేతులు

పొద్దున్నే పొయ్యిలు రాజేసే వేళకి జంషెడ్‌పూర్‌లోని భుయ్యాడీహ్ బస్తీ అంతా బొగ్గు పొగ కమ్ముకుంటుంది. ఏ గుమ్మం ముందు చూసినా ఒక ఇనప బకెట్టు పొయ్యి, దాని ముందు విసనకర్రతో ఒక ఆడమనిషి. ఆ రోజు రత్నం పొయ్యి బాగానే రాజుకుంది. రత్నమే విసనకర్ర కింద పడేసి, కుడిచేతిని గాల్లో విదిలిస్తూ నిలబడిపోయింది. బొటనవేలూ, దాని పక్క రెండు వేళ్ళూ తనవి కానట్టున్నాయి. లోపల వేల చీమలు పాకుతున్నట్టు ఒకటే సలుపు.

"ఏటే, పొయ్యి ఒగ్గీసి గాల్లో ఏటి దులుపుతన్నావు?" లోపల నులకమంచం మీంచి అత్తగారు నూకమ్మ కేకేసింది.

"సెయ్యి మొద్దుబారిపోనాది అత్తా."

"సరే గానీ బేగి టీ ఎట్టు. ఆడు డూటీకెల్లాల."

ఆ 'ఆడు' నీలకంఠం, నూకమ్మ కొడుకు, రత్నం మొగుడు. స్టీలు కార్ఖానాలో క్రేను నడుపుతాడు. అప్పటికే ఖాకీ చొక్కా తొడుక్కుని పీట మీద కూర్చున్నాడు. రత్నం పాలగిన్నె పొయ్యి మీంచి దించబోయింది. పట్టుకున్నాననే అనుకుంది. గిన్నె జారి, పాలన్నీ గచ్చు మీద పారాయి.

కాలేజీకి జడ వేసుకుంటున్న కూతురు పైడి పరుగున వచ్చింది. "క్యా మా, ఫిర్ గిరా దియా?" అని, మళ్ళీ పడేసినందుకు నవ్వబోయి, తల్లి మొహం చూసి ఆగిపోయింది. పైడి జంషెడ్‌పూర్‌లోనే పుట్టి పెరిగింది. తెలుగు అంతా అర్థమవుతుంది, జవాబు మాత్రం హిందీలోనే వస్తుంది.

"ఈ వారంలో ఇది రెండోసారి," అంది నూకమ్మ. "మెల్లగా పట్టుకోవచ్చు కదేటి."

రత్నం గుడ్డ తెచ్చి గచ్చు తుడిచింది. మనసులో మాత్రం ఒక మాట ఎప్పటిలాగే పైకి లేచి, గొంతు దగ్గర ఆగింది: 'పట్టుకోవచ్చు కదా అని చెప్పడానికి నీకేం, మంచం మీద కూర్చుని!'

ఆ మాట ఈనాటిది కాదు. రాజాం దగ్గర పల్లెటూరి నుంచి కొత్తకోడలిగా వచ్చిన మర్నాడే నూకమ్మ ఆమెకి రుబ్బురోలు చూపించింది. ఆనాటి నుంచి ఇంతవరకు ఆ ముసలామె పొత్రం మీద చెయ్యి వేసింది లేదు. చేప తోమింది లేదు, రొట్టె పిండి కలిపింది లేదు. పప్పు బరగ్గా ఉందనీ, పులుసు పలచనైందనీ వంకలు మాత్రం మంచం మీంచి సరిగ్గా అందేవి. టీ కూడా అందరిలా గ్లాసులో తాగదు. వెడల్పాటి గిన్నెలో పోయించుకుని, రెండు అరచేతులతో ఎత్తి దొరసానిలా తాగుతుంది. బస్తీలో అందరూ నూకమ్మది రాచపుట్టుక అని నవ్వుకునేవారు. రత్నానికి మాత్రం ఆ నవ్వు వచ్చేది కాదు.

చెయ్యి తిమ్మిరెక్కడం వానాకాలంలో మొదలైంది. మొదట్లో నిద్రలో మెలకువ వచ్చేది, కాసేపు విదిలిస్తే తగ్గేది. తర్వాత పగలు కూడా పట్టుకుంది. ఇడ్లీ పిండి రుబ్బిన రోజు మరీను. అయితే రత్నాన్ని అసలు భయపెట్టింది పిండి కాదు, సూది. బస్తీలో తెలుగువాళ్ళ ఇళ్ళల్లో ఎవరికి జాకెట్టు కావాలన్నా ఆమె దగ్గరికే వస్తారు. మిషను కుట్టు ఎవరైనా కుడతారు, చేత్తో వేసే కాజాలూ అంచులూ మాత్రం రత్నం వెయ్యాల్సిందే. చదువు లేని తనకి దేవుడిచ్చిన విద్య అది అని ఆమె నమ్మకం. ఇప్పుడు ఆ సూది వేళ్ళ మధ్య ఉందో జారిపోయిందో కంటితో చూస్తే గాని తెలియడం లేదు.

వైద్యం చెయ్యలేదని కాదు. నువ్వులనూనె కాచి రాశారు. సందు చివర బెంగాలీ హోమియోపతీ ఆయన ఇచ్చిన తియ్యటి మాత్రలు రెండు సీసాలు అయిపోయాయి. పెద్దాసుపత్రికి పోదామని పైడి అడుగుతూనే ఉంది. అక్కడికి పోతే కత్తి పెడతారని రత్నానికి భయం. నీలకంఠానిదీ అదే భయం. క్రేను మీద అంత ఎత్తున కూర్చుని కరిగిన ఇనుము బకెట్లు తిప్పే మనిషి, సూదిమందు అంటేనే తల తిప్పుకుంటాడు.

ఆ సాయంత్రం పక్కింటి పోలమ్మ వచ్చి గుమ్మంలో చతికిలబడింది.

"టాటానగర్ టేసన్ ఎనకాల ఒకడున్నాడే రత్నం. నరం ఎక్కడ సచ్చిందో పట్టి సూసి, అక్కడ వాత ఎడతాడు. మా మరిది బుజం నాలుగు దినాల్లో లేసింది. కత్తీ నేదు, కటారీ నేదు."

"కాలుతాది కాదేటప్పా?"

"సురుక్కుమంతాది అంతే. రోజూ సచ్చీ బదులు ఒక్కసారి ఓర్సుకుంతే పోలేదా?"

రత్నం మొగుడి మొహం చూసింది. నీలకంఠం మీసం దువ్వుకుంటూ, "ఆదివారం నాకు డూటీ నేదు. ఎల్లి సూద్దాం," అన్నాడు. ఆసుపత్రి తప్పిందన్న నిశ్చింత అతని గొంతులోనే వినిపించింది. పైడి మాత్రం పుస్తకం ధబీమని మూసి, "పాగల్ హో గయే హో సబ్!" అని, అందరికీ పిచ్చెక్కిందంటూ లోపలికి పోయింది. మంచం మీద నూకమ్మ గోడవైపు తిరిగి పడుకుని ఉంది. కోడలి నొప్పి ఆమెకెందుకు పడుతుంది అనుకుంది రత్నం.

ఆదివారం పొద్దున్న రత్నం తలకి నూనె రాసుకుని ఉతికిన చీర కట్టుకుంది. నీలకంఠం సైకిలు బయటికి తీశాడు. పోలమ్మ తోడు వస్తానని ముందే తయారై నిలబడింది. గుమ్మం దాటబోతే నూకమ్మ అడ్డంగా వచ్చి నిలుచుంది. మంచం దిగి ఇంత వేగంగా రావడం ఈ మధ్య ఎవరూ చూడలేదు.

"ఎక్కడికీ ఎల్లొద్దు."

"అదేటమ్మా?" అన్నాడు నీలకంఠం.

"వాత వద్దు. నానొద్దంతన్నాను. లోపలికి నడు."

"దాని సెయ్యి పనిసెయ్యట్లేదమ్మా. మరెలగ?"

"ఎలగో నాకు తెల్దు. వాత మాత్రం పెట్టనియ్యను."

రత్నం గొంతు దగ్గర అన్నేళ్ళూ ఆగిన మాట ఇక ఆగలేదు.

"ఎందుకు పెట్టనిస్తావు అత్తా? నా సెయ్యి బాగుపడితే నీకేటి, పాడైతే నీకేటి? పిండి రుబ్బినదానివా, బొచ్చె తోమినదానివా? నానీ ఇంట్లో అడుగెట్టిన కాడి నుంచి ఒక్కనాడు, ఒక్కనాడంటే ఒక్కనాడు, 'ఇలా తేవే, నాను రుబ్బుతాను' అన్నావా? నాకు జొరమొచ్చినా నానే రుబ్బినాను. కడుపుతోటున్నా నానే రుబ్బినాను. ఆ రోలే నా సెయ్యి తినీసినాది. ఇప్పుడు బాగు సేయించుకుంతానంతే గుమ్మానికి అడ్డమొచ్చినావా!"

మాట పూర్తయ్యేసరికి ఏడుపు వచ్చేసింది. పోలమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. నీలకంఠం "రత్నం, ఊరుకో..." అని ఇద్దరి మధ్యకీ వచ్చి, ఎవరి వైపు తిరగాలో తెలియక సైకిలు హాండిలు గట్టిగా పట్టుకున్నాడు.

నూకమ్మ తిరిగి అరవలేదు. అదే అందరికీ వింతగా అనిపించింది. ఎప్పుడూ మణికట్ల దాకా కప్పుకునే కొంగు తీసి, కుడిచెయ్యి కోడలి ముందు చాపింది.

"ఇటు సూడు."

మణికట్టు మీద మాడిన తోలు నల్లగా, మెరుస్తూ, ముడుచుకుపోయి ఉంది. వేడి పెనం తగిలిందని ఆమె ఎప్పుడో చెప్పిన మచ్చ అది. దాని పక్కన బొటనవేలి మొదట్లో కండ ఉండాల్సిన చోట గుంట. రత్నం తన అరచెయ్యి చూసుకుంది. తనకి అక్కడ ఇంకా మెత్తగా, ఎత్తుగా ఉంది. అత్తగారి చేతిలో ఎముకకి తోలు అతుక్కుపోయి ఉంది.

"ఇది పెనం కాదే. వాత. నాకూ నీలాగే రేత్రిళ్ళు తిమ్మిరెక్కీది. ఈ నీలకంఠం అప్పుడు సిన్నగుంటడు. మా అత్త పనిదొంగ అన్నాది. మీ మావ పాపం నా మాట నమ్మినాడు, నమ్మి వాత పెట్టించినాడు. అది పుండయిపోనాది. పుండు మానినాది గానీ సెయ్యి రానేదు. ఏలు ఏలూ కలవదు. గుండీ ఎట్టుకోనేను. గళాసు పట్టుకోనేను."

రత్నం కళ్ళు తుడుచుకుంది.

"మరి... సెప్పొచ్చు కదా అత్తా. ఇన్నేళ్ళూ..."

"ఎలగ సెప్పమంతావు? సెయ్యి సచ్చిందాని ఇంటికి సాకిరీ సెయ్యటానికి పిల్లనిచ్చినామని మీ వోళ్ళు అనరా? సేతకాందాన్ననిపించుకోటం కన్నా గయ్యాళి అత్తననిపించుకోటమే బాగున్ను అనుకున్నాను. అనిపించుకున్నాను కూడా." నూకమ్మ కోడలి చేతివైపు చూసింది. "నువ్వు గిన్నె పడీసినప్పుడల్లా నాకు తెలుస్తానే ఉన్నాదే. తెలిసీ నోరిప్పనేదు. ఎవులేటన్నా అననీ, వాత మాత్రం ఒద్దు."

నీలకంఠం సైకిలుకి స్టాండు వేశాడు. తల్లి చెయ్యి పట్టుకుని, ఆ గుంటలో వేలు పెట్టి తడిమాడు. తనని పెంచిన చెయ్యి. అన్నేళ్ళుగా కళ్ళెదుటే ఉన్నా ఒక్కసారైనా తిప్పి చూడలేదు. మొహం తుడుచుకున్నాడు. రత్నం అత్తగారి పక్కన గుమ్మంలోనే కూలబడి, ఆ చేతిని ఒళ్ళోకి తీసుకుంది. కాసేపు ఇద్దరూ ఏడ్చారు. పోలమ్మ కూడా ఏడ్చి, తను తెచ్చిన సలహా తనే తిట్టుకుంటూ ఇంటికి పోయింది.

లోపలి నుంచి పైడి వచ్చి, ఈసారి తెలుగులోనే చెప్పింది. "రేపు ఆసుపత్రికి వెళ్దాం. ఇద్దర్నీ తీసుకెళ్తాను."

పెద్దాసుపత్రిలో చూసింది ఒక బెంగాలీ డాక్టరమ్మ. రత్నం మణికట్టు మీద వేలితో టక్‌మని కొట్టింది. కరెంటు తగిలినట్టు వేళ్ళ చివర దాకా జిల్లుమంది. తర్వాత రెండు చేతులూ మణికట్ల దగ్గర కిందికి వంచి అలాగే ఉంచమంది. కాసేపటికే తిమ్మిరి మొదలైంది.

"చిటికెన వేలు?" అని హిందీలో అడిగింది డాక్టరమ్మ.

"దానికేటీ అవదు," అంది రత్నం. అప్పటిదాకా ఆ సంగతి తనే గమనించలేదు.

మణికట్టులో ఎముకల మధ్య సన్నటి దారి ఒకటి ఉంటుందనీ, దాని మీద పట్టీలాంటి పొర కప్పి ఉంటుందనీ, ఆ దారిలోంచే ఈ వేళ్ళకి నరం వెళుతుందనీ డాక్టరమ్మ కాగితం మీద బొమ్మ గీసి చెప్పింది. లోపల వాపు వస్తే చోటు చాలక నరం నలుగుతుంది. ఒక్క రుబ్బురోలు వల్లే అని చెప్పలేం గాని, అది నొప్పిని పెంచే పనే. పైడి ఒక్కొక్క మాటా తెలుగులో చెబుతుంటే, నీలకంఠం బొమ్మ మీదికి వంగి చూశాడు.

"అయితే ఆపరేసనేనా?" అన్నాడు భయంగా.

డాక్టరమ్మ నవ్వింది. ముందు పడుకునేటప్పుడు మణికట్టు వంగకుండా బద్ద కట్టుకోవాలి, రుబ్బడం, పిండడం మానెయ్యాలి. తగ్గకపోతే ఆ దారిలో ఒక ఇంజెక్షన్. అదీ నిలవకపోతే అప్పుడు ఆ పట్టీని కోసి నరానికి చోటిస్తారు. చెయ్యి వరకే మత్తు. "మీ కండ ఇంకా తగ్గలేదు, టైముకే వచ్చారు," అని రత్నంతో అంది. నూకమ్మ చెయ్యి మాత్రం చాలాసేపు పట్టుకుని చూసింది. పోయిన కండ తిరిగి రావడం కష్టమని మెల్లగా చెప్పింది. ఆపరేషన్ చేస్తే సలుపు తగ్గొచ్చు, బలం వస్తుందని మాట ఇవ్వలేనంది. నూకమ్మ తల ఊపి, "నాది తరవాత. ముందు దానిది సూడమను," అంది.

మర్నాటి నుంచి ఇంట్లో పనుల వరస మారింది. పిండి రుబ్బడం నీలకంఠం వంతైంది. మొదటి రోజు వాకిట్లో పొత్రం తిప్పుతుంటే చుట్టుపక్కల ఆడవాళ్ళంతా చూడడానికి వచ్చారు.

"ఏటి నీలకంఠం బావా, కిరేను ఇక్కడికి తెచ్చీసినావా?" అంది పోలమ్మ.

"క్రేనే నయం. అది నా మాట వింతాది. ఇది నా సుట్టూ తిరగాల్సింది పోయి నన్నే తిప్పుతన్నాది," అన్నాడతను చెమట తుడుచుకుంటూ. ఆ వారం ఇడ్లీలు ఇటుకల్లా వచ్చాయి. ఎవరూ వంక పెట్టలేదు. నూకమ్మ ఒక్కతే నానబెట్టిన నీళ్ళెక్కువనీ తక్కువనీ కొడుక్కి పాఠం చెప్పేది. ఆ పాఠం ఇప్పుడు రత్నానికి వినసొంపుగా ఉండేది.

బద్ద కట్టుకున్నాక రాత్రుళ్ళు నిద్ర పట్టింది. పగటి తిమ్మిరి మాత్రం పూర్తిగా పోలేదు. చలికాలంలో ఇంజెక్షన్ చేశారు. పండగొచ్చినట్టు కొన్నాళ్ళు హాయిగా గడిచింది. రత్నం మళ్ళీ సూది పట్టి పోలమ్మ కూతురికి రెండు జాకెట్లు కుట్టింది. ఎండలు ముదిరే వేళకి తిమ్మిరి మళ్ళీ వచ్చింది. ఒక మధ్యాహ్నం కాజా వేస్తుండగా సూది ఎప్పుడు జారిందో తెలియలేదు. చాపంతా వెతికితే చివరికి చీర కుచ్చిళ్ళలో దొరికింది.

ఆ సాయంత్రం అందరూ కూర్చుని మాట్లాడుకున్నారు.

"ఇంకో ఇంజెక్సన్ సేయిద్దాం," అన్నాడు నీలకంఠం. "మల్లీ వత్తే మల్లీ సేయిద్దాం. కత్తి దాకా ఎందుకు?"

"బాబా, ఎన్నిసార్లు చేయిస్తారు?" అంది పైడి తెలుగులోనే. "ఆపరేషన్ చిన్నదే అని డాక్టర్ చెప్పింది కదా."

"సిన్నదే. ఏదైనా అయితే? సూది పట్టుకునీ సెయ్యి అది!"

తండ్రీ కూతుళ్ళు అలా ఒకరి మాట మీద ఒకరు మాట వేస్తుంటే నూకమ్మ మంచం కోడు మీద ఎడమచేత్తో దబదబ బాదింది.

"ఆగండెహే. సెయ్యి ఎవులిది? మీదా? దాని సెయ్యి. నా సెయ్యి గురించి నన్ను తప్ప అందర్నీ అడిగినారు ఆనాడు. దీన్ని అడగండి."

ముగ్గురూ రత్నం వైపు తిరిగారు. తన గురించి ఏదైనా తననే అడగడం ఆమెకి అలవాటు లేదు. పెళ్ళి కూడా అడక్కుండానే జరిగింది. భయం లేదా అంటే ఉంది. కానీ సూది జారిపోయి, ఎక్కడుందో తెలియని ఆ క్షణం కంటే పెద్ద భయం ఏదీ ఆమెకి కనిపించలేదు.

"కోయించుకుంతాను," అంది. "ఇంజెక్సన్‌తో ఆగీదైతే ఆగిపోయీది. ఆగనేదు. కండ పోయేదాక నాను కూకోను. భయమైతే నువ్వు రాకయ్యా, పైడి వత్తాది, అత్త వత్తాది."

నీలకంఠం తల గోక్కుని, "నానూ వత్తాను. కాకపోతే బయటే ఉంతాను," అన్నాడు. ఆ మాటకి అందరికంటే ముందు నూకమ్మే పకపకా నవ్వింది.

ఆపరేషన్ రత్నం అనుకున్నంత భయంకరంగా లేదు. చేతికి మత్తిచ్చి మొహానికి అడ్డంగా గుడ్డ కట్టారు. డాక్టరమ్మ చెయ్యి కోస్తూనే పైడి చదువు గురించి అడిగింది. జవాబు చెబుతుండగానే పని అయిపోయింది. బయట వరండాలో నూకమ్మ ఊళ్ళోని అమ్మవార్లందర్నీ పేరు పేరునా పిలిచింది. నీలకంఠం బీడీ వెలిగించకుండానే నోట్లో పెట్టుకుని అటూ ఇటూ తిరిగాడు. కట్టు కట్టిన చేత్తో నవ్వుతూ వచ్చిన పెళ్ళాన్ని చూసి, బెంచీ మీద కూలబడి, మంచినీళ్ళు అడిగి తాగాడు.

కుట్లు విప్పినా కొన్ని వారాలు అరచేతిలో మంట ఉంది. పిడికిలి గట్టిగా బిగిసేది కాదు. డాక్టరమ్మ చెప్పినట్టు రోజూ వేళ్ళు ముడుస్తూ తెరుస్తూ ఉంటే మెల్లమెల్లగా స్పర్శ తిరిగి వచ్చింది. మొదట బొటనవేలికి, తర్వాత మిగతా రెంటికి. వానలు పడి సువర్ణరేఖ నది నిండుగా పారే రోజుల్లో, కళ్ళు మూసుకుని కూడా బియ్యపు గింజకీ రాతి పలుకుకీ తేడా చెప్పగలిగింది.

అప్పుడొకరోజు నూకమ్మ తనే అంది. "నాదీ కోయించీండి."

"బలం రాదని సెప్పినారు కదమ్మా," అన్నాడు నీలకంఠం.

"బలం వచ్చి నానేటి సేత్తాను, నీ కిరేను లాగుతానా? సలుపు తగ్గుతాదన్నారు కదేటి. సచ్చే ముందు నాలుగు రేత్రిళ్ళు పడుకుంతాను."

డాక్టరమ్మ ఒప్పుకుంది. నూకమ్మ చేతికి కట్టు కట్టుకుని ఇంటికి వచ్చిన రోజు నీలకంఠం నది దగ్గర చేపలు కొని తెచ్చాడు. రత్నం పులుసు పెట్టింది. కంచం పట్టుకుని వచ్చి అత్తగారి మంచం మీదే కూర్చుంది. వేడి అన్నంలో పులుసు పోసి, తన కుడిచేత్తో ముళ్ళు ఒక్కొక్కటే ఏరింది. సన్నటి ముల్లు కూడా ఆ వేళ్ళని తప్పించుకోలేదు. ముద్ద చేసి నోటికి అందించింది.

"సెంచా ఇయ్యవే, ఎడం సేత్తో తింతాను," అంది నూకమ్మ మొహమాటంగా.

"నోరు తెరు అత్తా."

నూకమ్మ నోరు తెరిచింది. ముద్ద నమిలింది. నములుతుండగానే కళ్ళ నిండా నీళ్ళు తిరిగి చెంపల మీదికి జారాయి. తుడుచుకుందామంటే కుడిచేతికి కట్టు. రత్నం ఎడమచేత్తో కొంగు తీసి ఆమె చెంపలు అద్దింది.

"ఏటత్తా, సెయ్యి నొప్పెడతన్నాదా?"

"సెయ్యి కాదే," అంది నూకమ్మ గొంతు సర్దుకుంటూ. "ఉప్పు తక్కువైనాది."

లోపల తింటున్న నీలకంఠం, పైడి ఒక్కసారిగా నవ్వారు. రత్నం కూడా నవ్వి, ఉప్పు వెయ్యకుండానే రెండో ముద్ద కలిపింది.